మైన్‌క్రాఫ్ట్‌లో ఆవిరి రైళ్ళు

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆటలో నీటిని కాచి, ఆ ఆవిరితో నడిపే రైళ్ళను ఆవిరి రైళ్ళు అంటారు. ఇవి మూల ఆటలో లేవు. అభిమానులు స్వచ్ఛందంగా తయారుచేసి ఆటకు జతపరచే అదనపు భాగాల ద్వారా ఇవి లభిస్తాయి. ఇటువంటి అదనపు భాగాలను మోడ్‌లు అని పిలుస్తారు. ఆవిరి రైళ్ళకు సంబంధించిన మోడ్‌లలో 2011లో మొదలైన రైల్‌క్రాఫ్ట్ ముఖ్యమైనది. కవర్ట్‌జాగ్వార్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన ప్రోగ్రామర్ దీనిని రూపొందించాడు. ఇంజను తయారీ, బాయిలరు వేడెక్కడం, నీటి సరఫరా, సిగ్నళ్ళు, ప్రమాదాలు మొదలైన విషయాలలో ఇది నిజమైన రైల్వేను చాలావరకు అనుసరిస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా రైల్‌క్రాఫ్ట్ రైళ్ళ గురించినది.

నేపథ్యం

మైన్‌క్రాఫ్ట్ ఆటను స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో ప్రారంభించాడు. అతడు స్థాపించిన మొజాంగ్ సంస్థ 2011 నవంబరు 18న పూర్తి కూర్పును విడుదల చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ఈ ఆటలోని ప్రపంచమంతా ఘనాకారపు బ్లాకులతో నిర్మితమై ఉంటుంది. ఒక్కొక్క బ్లాకు ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు కలిగినదిగా భావిస్తారు. ఆటగాడు చెట్లు నరికి, గనులు తవ్వి, లభించిన ముడిసరుకులను నిర్ణీత పద్ధతిలో పేర్చి పనిముట్లను తయారుచేసుకోవాలి.

పట్టాలు, వాటిపై నడిచే మైన్‌కార్ట్ (గనులలో వాడే తోపుడు బండి వంటిది) 2010లోనే ఆటలో చేరాయి. అదే సంవత్సరంలో కొలిమి అమర్చిన మైన్‌కార్ట్ కూడా వచ్చింది. మూల ఆటలో ఆవిరి ఇంజనుకు కొంత పోలిక ఉన్న వస్తువు ఇదొక్కటే. ఇందులో ఒక బొగ్గు ముక్క వేస్తే మూడు నిమిషాలు నడుస్తుంది. దీనికి నీటితో పని లేదు. తన ముందున్న బండ్లను నెట్టగలదే కాని, వెనుక కట్టి లాగలేదు. బండ్లను ఒకదానితో ఒకటి తగిలించే సాధనమేదీ లేకపోవడం వలన మలుపులు వచ్చినప్పుడు అవి తరచుగా విడిపోతాయి.

2011 ఏప్రిల్‌లో వచ్చిన బీటా 1.5 కూర్పులో విద్యుత్ పట్టా ప్రవేశపెట్టబడినది. ఆరు బంగారు కడ్డీలు, ఒక పుల్ల, కొంచెం రెడ్‌స్టోన్ పొడి కలిపితే ఇటువంటి పట్టాలు ఆరు తయారవుతాయి. రెడ్‌స్టోన్ అంటే ఆటలో విద్యుత్తు వంటి సంకేతాలను మోసే ఖనిజం. ఈ పట్టాలను మధ్యమధ్య అమర్చి వాటికి సంకేతం అందేలా చేస్తే, బండి ఇంధనం లేకుండానే సెకనుకు 8 బ్లాకుల గరిష్ఠ వేగంతో పోతుంది. ఒకసారి దారి వేసిన తరువాత ప్రయాణానికి ఏ ఖర్చూ ఉండదు. ఈ సదుపాయం కారణంగా కొలిమి బండిని వాడేవారు దాదాపుగా లేకుండా పోయారు.

రైల్‌క్రాఫ్ట్ పుట్టింది ఈ పరిస్థితిలోనే. ఖర్చు లేని ప్రయాణం సౌకర్యమే అయినా, అందులో రైల్వే అనదగినది ఏమీ మిగలలేదు. బండి ఎక్కడ ఆగాలి, ఎవరు ముందు వెళ్ళాలి, దానికి నీరు, బొగ్గు ఎక్కడినుండి వస్తాయి అనే ప్రశ్నలకు ఆటలో తావు లేదు. రైల్‌క్రాఫ్ట్ ఈ ప్రశ్నలన్నింటినీ తిరిగి తెచ్చింది.

పట్టాల తయారీ

మూల ఆటలో ఆరు ఇనుప కడ్డీలు, ఒక పుల్ల కలిపితే 16 పట్టాలు వస్తాయి. ఈ లెక్కన వెయ్యి బ్లాకుల దారికి 378 ఇనుప కడ్డీలు, 63 పుల్లలు కావాలి. రైల్‌క్రాఫ్ట్‌లో పని ఇంత సులభం కాదు. పట్టాలు వేయాలంటే ముందు స్లీపర్లు కావాలి, స్లీపర్లకు క్రియోసోట్ నూనె కావాలి, ఆ నూనెకు కోక్ బట్టీ కావాలి.

కోక్ బట్టీని ప్రత్యేకమైన ఇటుకలతో మూడు బ్లాకుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా కట్టి, నడిమి బ్లాకును ఖాళీగా వదలాలి. దీనికి 26 ఇటుకలు పడతాయి. ఇందులో వేసిన బొగ్గు నిదానంగా కోక్‌గా మారుతుంది, దానితోపాటు క్రియోసోట్ నూనె కూడా వస్తుంది. కోక్ మామూలు బొగ్గుకంటే రెట్టింపు సమయం మండుతుంది కనుక ఇంజనుకు మంచి ఇంధనం. నూనెను చెక్క పలకలకు పట్టిస్తే స్లీపర్లు తయారవుతాయి. ఇనుమును రోలింగ్ మెషీన్‌లో సాగదీసి పట్టా కమ్మీలను చేసి, వాటిని స్లీపర్లపై అమర్చుతారు.

ఈ వరుస కల్పితం కాదు. బొగ్గు తారు నుండి తీసిన క్రియోసోట్‌ను కలపలోకి ఎక్కించే పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెథెల్ 1838లో పేటెంటు పొందాడు. చెదలు, తేమ నుండి చెక్క స్లీపర్లను కాపాడడానికి రైల్వేలు ఈ పద్ధతిని విస్తారంగా అనుసరించాయి. ఇంజను నడవడానికి, అది నడిచే దారి నిలవడానికి కూడా బొగ్గే ఆధారమైన ఆ కాలపు పరిస్థితి ఆటలో చక్కగా కనిపిస్తుంది.

ఇనుము తక్కువగా ఉన్న ఆటగాడు చెక్కపై సన్నని ఇనుప పట్టీ బిగించిన చవక రకం పట్టాలతో మొదలుపెట్టవచ్చు. వీటిపై బండ్లు నెమ్మదిగా పోతాయి. అమెరికాలో తొలినాటి రైలు మార్గాలు కొన్ని ఇటువంటివే. వేగం కావాలనుకున్నవారికి పైస్థాయి పట్టాలున్నాయి. వీటిలో కొన్ని రకాలకు ఉక్కు అవసరం. ఉక్కు కోసం బ్లాస్ట్ ఫర్నేసు కట్టాలి. దాని ఇటుకలకు కావలసిన సరుకులు నెదర్ అనే ప్రమాదకరమైన పాతాళ లోకంలో దొరుకుతాయి. అందువలన కొత్త ఆటగాడు నేరుగా వేగవంతమైన రైలు మార్గం వేయడం సాధ్యపడదు.

ఇంజను నిర్మాణం, నడక

ఆవిరి ఇంజనును బాయిలరు టాంకులు, ఘన ఇంధనపు పొయ్యి, మైన్‌కార్ట్‌లు మొదలైన వాటిని కలిపి తయారుచేస్తారు. తయారైన ఇంజనును పట్టాలపై ఉంచి, నీటిని, ఇంధనాన్ని నింపాలి. ఇంత చేసినా అది వెంటనే కదలదు. బాయిలరు ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరేవరకు ఆవిరి పుట్టదు. కొత్తవారు తమ ఇంజను పాడైనదని భావించేది ఈ దశలోనే. కొంతసేపు ఓపిక పడితే ఆవిరి చేరి ఇంజను కదులుతుంది.

ఇంజనుకు మూడు స్థితులు కలవు. నడిచే స్థితిలో అది ఆవిరిని వాడుకుంటూ ముందుకు పోతుంది. నిలుపుదల స్థితిలో పొయ్యి మండుతూనే ఉంటుంది, బాయిలరు వేడిగా ఉంటుంది, కాని బండి కదలదు. మూడవది పూర్తిగా ఆర్పివేసిన స్థితి. ఇందులో ఇంధనం ఖర్చు కాదు, కాని బాయిలరు చల్లారుతుంది. చల్లారిన బాయిలరును మళ్ళీ 100 డిగ్రీలకు తేవడానికి కాల్చిన బొగ్గు నుండి ఆవిరి ఏమీ రాదు కనుక అది నష్టమే. స్టేషనులో కొద్దిసేపు ఆగే బండిని ఆర్పకూడదు, రోజుకొక్కసారి తిరిగే బండిని మండుతూ వదలకూడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలో ఆటగాడే తేల్చుకోవాలి. నిజమైన లోకో షెడ్లలో ఇంజనులకు తెల్లవారుజామునే నిప్పు రాజేసి సిద్ధం చేయడానికి కారణం కూడా ఇదే.

బండ్లను తగిలించడానికి గునపం (క్రోబార్) వాడతారు. గునపంతో ఒక బండిని, దాని పక్క బండిని వరుసగా తాకితే రెండూ కలుస్తాయి. ఇంజనుకు ఆనుకుని నీటి టాంకు బండిని, బొగ్గు నింపిన పెట్టె బండిని తగిలిస్తే వాటి నుండి ఇంజను తనకు కావలసినవి తానే తీసుకుంటుంది. అంటే అవి టెండరు పని చేస్తాయి. దూరప్రయాణాలకు ఇది తప్పనిసరి. ఈలను శృతి చేసుకునే సాధనం కూడా ఒకటి ఉన్నది. దీనివలన ప్రయోజనం పెద్దగా లేదు.

నీటి సరఫరా

ఆవిరి రైలు మార్గం విజయవంతం కావడం, కాకపోవడం ఎక్కువగా నీటిపై ఆధారపడి ఉంటుంది. బొగ్గును పెట్టెలో వేసుకుని ఎంత దూరమైనా మోసుకుపోవచ్చు. ఇంజనులోని నీరు మాత్రం కొద్దిసేపటికే తరుగుతుంది. రైల్‌క్రాఫ్ట్‌లో ఒక పాలు నీటి నుండి 160 పాళ్ళ ఆవిరి వస్తుంది. వాస్తవంలో సాధారణ వాతావరణ పీడనం వద్ద నీరు సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. ఈ లెక్కన ఆటలోని నీరు అసలైన దానిలో పదోవంతు ఆవిరిని కూడా ఇవ్వదు. రచయిత ఆటలో సమతూకం కోసం చేసుకున్న సవరణ ఇది. నీటి ప్రాధాన్యాన్ని పెంచడంలో ఇది బాగా పనిచేసింది.

చెక్క పలకలతో కట్టే నీటి టాంకు మార్గం పక్కన ప్రముఖంగా కనిపించే నిర్మాణం. కోక్ బట్టీ వలెనే ఇది కూడా మూడు బ్లాకుల ఘనం. పైన ఆకాశం కనిపించేలా కడితే ఇది గాలిలోని తేమ నుండి తనంతట తానే నిండుతుంది. వాన పడినప్పుడు త్వరగాను, ఎడారి ప్రాంతంలో మరీ నిదానంగాను నిండుతుంది. టాంకు కింద ద్రవాలను నింపే యంత్రాన్ని అమర్చి దాని కింద పట్టా వేస్తే, ఆగిన ఇంజనులోకి నీరు చేరుతుంది. ఈ కారణంగా దారిని గీసేటప్పుడు కొండలు, లోయలతోపాటు ఎడారులను కూడా గమనించాలి. దారి పొడవు తగ్గుతుందని ఎడారికి అడ్డంగా పట్టాలు వేసినవారు నీటిని టాంకు బండ్లలో అక్కడికి మోయవలసి వస్తుంది. నీటిని మోసే ఆ రైలుకు కూడా నీరు కావాలి.

బాయిలరు పేలుడు

రైల్‌క్రాఫ్ట్‌లో రైళ్ళపై ఉండే బాయిలర్లే కాక, నేలపై కట్టుకునే స్థిర బాయిలర్లు కూడా ఉన్నాయి. వీటితో యంత్రాలను నడుపుతారు. వీటిని 1, 8, 12, 18, 27, 36 టాంకు బ్లాకుల పరిమాణాలలో కట్టవచ్చు. తక్కువ పీడనపు బాయిలరు 500 డిగ్రీల వరకు, ఎక్కువ పీడనపు బాయిలరు 1,000 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. పెద్ద బాయిలరు వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది.

బాగా వేడెక్కిన బాయిలరులో నీరు పూర్తిగా అయిపోతే మొదట ఏమీ జరగదు. ఆవిరి మాత్రమే ఆగిపోతుంది. అది గమనించిన ఆటగాడు కంగారుపడి నీరు పోస్తాడు. అప్పుడు బాయిలరు పేలి, చుట్టుపక్కల కట్టడాలను కూడా ధ్వంసం చేస్తుంది. నీరు లేకపోవడం కంటే నీరు తిరిగి రావడమే ఇక్కడ ప్రమాదకరం. గొట్టాల ద్వారా నీరందే బాయిలర్లలో ఈ ప్రమాదానికి మరింత అవకాశం ఉన్నది. సరఫరా ఏదో కారణంగా ఆగి, ఎవరూ చూడనప్పుడు దానంతట అదే మళ్ళీ మొదలైతే చాలు. సరైన పద్ధతి ఏమంటే, నీటి దారిని మూసి, పొయ్యిలోని ఇంధనాన్ని తీసివేసి, బాయిలరు చల్లారేదాకా వేచి ఉండి, ఆ తరువాతనే నీరు నింపాలి.

నిజమైన ఆవిరి ఇంజనులలో కూడా నీటిమట్టం తగ్గడమే ఘోరమైన పేలుళ్ళకు ముఖ్య కారణాలలో ఒకటి. పొయ్యి పైకప్పు రేకును నీరు కప్పి ఉన్నంతవరకు అది మెత్తబడదు. నీరు దానికంటే కిందికి దిగితే రేకు కాగి, మెత్తబడి, లోపలి పీడనానికి చిరుగుతుంది. దీనిని నివారించడానికి ఆ రేకులో త్వరగా కరిగే లోహంతో చేసిన బిరడాను అమర్చేవారు. నీరు తగ్గగానే అది కరిగి, ఆవిరి పొయ్యిలోకి చిమ్మి, సిబ్బందిని హెచ్చరిస్తుంది. రైల్‌క్రాఫ్ట్‌లో ఇటువంటి బిరడా లేదు. పేలుళ్ళు వద్దనుకుంటే అమరికలలో వాటిని నిలిపివేసే వీలు మాత్రం ఉన్నది. పలువురు కలిసి ఆడే సర్వర్లలో ఒకరి నిర్లక్ష్యం పక్కవారి ఇంటిని కూల్చే అవకాశం ఉంటుంది కనుక ఈ అమరిక ఉపయోగకరమైనది.

అతివేగ పట్టాలు మరొక ప్రమాద స్థలం. వీటిపైకి చేరడానికి, వీటినుండి దిగడానికి ప్రత్యేకమైన సంధి పట్టాలు వాడాలి. అలా చేయక పూర్తి వేగంతో సాధారణ పట్టాపైకి వస్తే బండి పేలిపోతుంది. కదిలే ఇంజనుకు ఎదురుగా నిలబడిన ఆటగాడికి, జంతువులకు కూడా ప్రాణహాని ఉన్నది.

సిగ్నళ్ళు, దారి మళ్ళింపు

ఒకే దారిపై రెండు రైళ్ళు నడిపే పక్షంలో సిగ్నళ్ళు అవసరమవుతాయి. సర్వేయరు అనే పనిముట్టుతో రెండు సిగ్నళ్ళను జత చేస్తే వాటి మధ్యనున్న దారి ఒక సెక్షను అవుతుంది. ఆ సెక్షనులో ఏదైనా బండి ఉన్నంతసేపు సిగ్నలు ఎరుపు చూపుతుంది. అయితే చాలామంది పొరపాటు పడే విషయం ఒకటి ఉన్నది. ఎరుపు సిగ్నలు రైలును ఆపదు. అది కేవలం దీపం. రైలు నిజంగా ఆగాలంటే సిగ్నలు సంకేతాన్ని గ్రాహక పెట్టెకు, అక్కడినుండి రెడ్‌స్టోన్ ద్వారా బండిని పట్టి ఉంచే పట్టాకు అందించాలి. దీపం చూసి ఆపడానికి ప్రతి రైలులోను డ్రైవరు ఉండడు కదా.

దారి మళ్ళించడానికి పాయింట్లు ఉన్నాయి. ఇంజనుకు ఒక టికెట్టు చూపితే దాని గమ్యస్థానం నమోదవుతుంది. కూడలి వద్ద ఉంచిన దారుల పుస్తకంలో ఏ గమ్యానికి పోయే బండికి ఏ దారి ఇవ్వాలో రాసిపెట్టాలి. గమ్యం మాత్రమే కాక, బండి యజమాని, పేరు, రకం, రంగును బట్టి కూడా నియమాలు రాయవచ్చు. నియమాలను కలిపే "మరియు", "లేదా", "కాదు" అనే పదాలను వాక్యం మధ్యలో కాక ముందుగా రాయాలి. గణితంలో దీనిని పూర్వ సంకేతన పద్ధతి అంటారు. కంప్యూటరు విద్యార్థులు తరగతిలో చదివే ఈ విషయాన్ని, ప్రోగ్రామింగ్ పరిచయమే లేని ఆటగాళ్ళు తమ సరుకు బండి తప్పుదారి పట్టకుండా ఉండడానికి నేర్చుకున్నారు.

ఆట స్వభావం వలన ఏర్పడే మరొక చిక్కు కూడా ఉన్నది. మైన్‌క్రాఫ్ట్ తన ప్రపంచాన్ని 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు గల ముక్కలుగా విభజించి, ఆటగాళ్ళకు దగ్గరలో ఉన్న ముక్కలనే నడుపుతుంది. ఆటగాడు దూరంగా ఉంటే రైలు ఉన్నచోటనే నిలిచిపోతుంది. దీనికి పరిష్కారంగా రైల్‌క్రాఫ్ట్‌లో లంగరు అనే బ్లాకు, లంగరు బండి కలవు. ఇవి తమ చుట్టూ ఉన్న ముక్కలను మేలుకొలిపి ఉంచుతాయి. సర్వరుపై భారం పెరగకుండా వీటికి అరుదుగా దొరికే ఎండర్ ముత్యాలను ఇంధనంగా వాడాలనే నియమం పెట్టవచ్చు.

ప్రయోజనం, పోటీ

మనుషుల ప్రయాణానికి రైలు ఇప్పుడు వేగవంతమైన సాధనం కాదు. 2013లో ఆటలోకి గుర్రాలు వచ్చాయి. 2016లో విడుదలైన 1.9 కూర్పులో ఎలిట్రా అనే రెక్కలు వచ్చాయి. వీటితో ఆటగాడు గాలిలో ఎగురుతూ పోగలడు. నెదర్‌లో ఒక బ్లాకు నడిస్తే బయటి ప్రపంచంలో ఎనిమిది బ్లాకులు నడిచినట్లే. నీలి మంచుపై పడవ నడిపితే సెకనుకు 70 బ్లాకులకు పైగా వేగం వస్తుంది. సెకనుకు 8 బ్లాకుల మైన్‌కార్ట్ వెయ్యి బ్లాకుల దూరానికి 125 సెకన్లు తీసుకుంటుంది. ఈ పోలికలో రైలు గెలవదు.

సరుకు రవాణాలో పరిస్థితి వేరు. రెక్కలు కట్టుకున్న ఆటగాడు తాను మోయగలిగినంతే తీసుకుపోగలడు, పైగా తానే పోవాలి. ఆవిరి రైలు పదుల కొద్దీ పెట్టె బండ్లను తగిలించుకుని, మనిషి లేకుండా గనినుండి కొలిమికి రోజంతా తిరుగుతుంది. కనుక ఒంటరిగా చిన్న ఇల్లు కట్టుకునే ఆటగాడికి ఆవిరి రైలు శ్రమకు తగిన ఫలితం ఇవ్వదు. పలువురు కలిసి గనులు, ఊళ్ళు పంచుకున్న సర్వర్లలోనే అది రాణిస్తుంది.

ఇతర మోడ్‌లు

ఇమ్మర్సివ్ రైల్‌రోడింగ్ అనే మోడ్‌లో ఇంజనులు నిజమైన నమూనాలను అనుసరించి పెద్ద పరిమాణంలో ఉంటాయి. ఒక ఇంజను అనేక బ్లాకుల పొడవుతో, విశాలమైన మలుపులు గల దారిని కోరుతుంది. బాయిలరు పీడనం, ఉష్ణోగ్రత, నీటిమట్టం అన్నీ నడిపేవాడు గమనిస్తూ ఉండాలి.

క్రియేట్ అనే మోడ్ దీనికి భిన్నమైన మార్గం పట్టింది. 2022లో వచ్చిన దాని 0.5 కూర్పులో రైళ్ళు, ఆవిరి యంత్రాలు ఒకేసారి చేరాయి, కాని రెండింటికీ సంబంధం లేదు. అందులో ఆవిరి యంత్రం నేలపై కట్టే ద్రవ టాంకుకు అమర్చేది. టాంకు పరిమాణం, నీటి సరఫరా, వేడి అనే మూడింటిలో ఏది తక్కువైతే దానిని బట్టి బాయిలరు స్థాయి నిర్ణయమవుతుంది. గరిష్ఠ స్థాయి 18. రైళ్ళను మాత్రం ఆటగాడు తనకు నచ్చిన బ్లాకులతో ఏ రూపంలోనైనా కట్టుకోవచ్చు. పెద్ద చక్రాల బోగీకి ఆవిరి ఇంజను వలె పిస్టన్లు, కడ్డీలు ఆడుతూ ఉంటాయి, కాని అది అలంకారమే. రైలు నీరు, బొగ్గు లేకుండానే నడుస్తుంది. ఇంధనం వేస్తే వేగం పెరుగుతుంది. రైళ్ళు ఢీకొంటే పట్టాలు తప్పుతాయి. క్రియేట్‌లోని రైలు చూడడానికి రైల్‌క్రాఫ్ట్ రైలుకంటే ఎంతో అందమైనది. దానిలో నీరు అయిపోతుందన్న భయం లేదు, కనుక దారి పక్కన నీటి టాంకులు కట్టవలసిన పనీ లేదు.

రైల్‌క్రాఫ్ట్ మూల ప్రాజెక్టు మైన్‌క్రాఫ్ట్ 1.12.2 కూర్పుతో ఆగిపోయింది. 2020ల దశకంలో మరికొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రైల్‌క్రాఫ్ట్ రీబార్న్ పేరుతో దానిని 1.20, ఆ తరువాతి కూర్పులకు అనువుగా మలిచారు. పాత 1.7.10, 1.12.2 కూర్పుల ఆధారంగా కూర్చిన మోడ్‌ల సంకలనాలలో అసలు రైల్‌క్రాఫ్ట్‌ను కూడా ఆడవచ్చు. మూల ఆటలోని కొలిమి బండి జావా కూర్పులో కొనసాగుతున్నది. బెడ్‌రాక్ కూర్పులో అది లేదు.